కింది ఇంట్లో నేల చెమ్మ: క్లిప్పులతో బిగించే ఎత్తు టైల్స్ వేస్తే తగ్గుతుందా?

సింగ్‌నగర్_శీను
మాది విజయవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. 1998లో నాన్న కట్టించారు. అప్పుడు రోడ్డు మీద నుంచి మూడు మెట్లెక్కితే వరండా వచ్చేది. తర్వాత రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, ఇప్పుడు మిగిలింది ఒక్క మెట్టు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చినప్పుడు హాల్లో నడుంలోతు నీళ్ళు. అవి తీశాక బురద ఎత్తిపోసి, బ్లీచింగ్ చల్లి, గోడలకు సున్నం వేయించి మళ్ళీ కాపురం పెట్టాం.

అప్పటి నుంచి నేల మునుపటిలా లేదు. వాన పట్టిందంటే చాలు, హాల్లో టైల్స్ మీద చెమట పట్టినట్టు తడి. పొద్దున్నే చాప ఎత్తి చూస్తే కింద చాప అల్లిక అచ్చు పడి ఉంటుంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆ చల్లటి నేల మీద అడుగు పెట్టాలంటేనే ముఖం అదోలా పెడుతుంది. రెండుసార్లు జారబోయింది కూడా.

పాత టైల్స్ పగలగొట్టి కొత్తవి వేయించుకోమని ఒకాయన అంచనా చెప్పాడు. నా వల్ల కాని మాట అది. ఈలోగా అడుగు చదరం టైల్స్ చూశాను. కింద ప్లాస్టిక్ కాళ్ళు, నాలుగు పక్కలా కొక్కేలు, పక్కపక్కన పెట్టి కాలితో నొక్కితే టక్కున బిగుసుకుంటాయి. సిమెంటు వద్దు, మేస్త్రి వద్దు. నేల నుంచి అంగుళం ఎత్తులో ఉంటాయి. హాలు 12 బై 15. ఇవి వేస్తే చెమ్మ బాధ పోతుందా? ఇంటి లోపల వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కూకట్‌పల్లి_కోడలు
బాల్కనీలో వాడుతున్నాం, రెండేళ్ళు దాటింది. 4 బై 10 బాల్కనీ, సరిగ్గా 40 టైల్స్. నేనూ మా ఆయనా ఆదివారం భోజనాలయ్యాక మొదలుపెట్టి టీ టైముకి పూర్తి చేశాం. మావి చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి, డబ్ల్యూపీసీ అంటారే అవి. మొక్కలకు పోసిన నీళ్ళు కిందకి జారి ట్రాప్‌లోకి పోతాయి, పైన పొడిగా ఉంటుంది. నాకైతే చాలా నచ్చాయి. లోపలి గదుల్లో వేయలేదు కాబట్టి దాని సంగతి చెప్పలేను.

తాపీ_పట్టిన_చెయ్యి
శీనుగారూ, వేయకండి. కనీసం ఇప్పుడే వేయకండి. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోకుండా దాని మీద ఏది కప్పినా పుండు మీద కొత్త గుడ్డ కట్టినట్టే. బయట గోడ పక్కన మట్టి ఎంత ఎత్తున ఉందో ముందు అది చెప్పండి.

న్యూజెర్సీ_నాన్న
నాకు సరిగ్గా ఇదే అనుభవం. మా బేస్‌మెంట్ నేల సిమెంటుది, ఎండాకాలంలో కూడా చల్లగా చెమ్మగా ఉండేది. పిల్లలు ఆడుకుంటారని 2019లో రెండడుగుల చదరం పలకలు తెచ్చి వేశాను. పైన చెక్క ముక్కలు అదిమి చేసిన పలక, కింద నల్లటి ప్లాస్టిక్ షీటుకి బొడిపెలు. ఆ బొడిపెల మధ్య సందుల్లో గాలి ఆడుతుంది. పలక అంచులో గాడి ఉంటుంది, పక్క పలక నాలుక అందులో కూర్చుంటుంది. సుత్తితో చిన్నగా తట్టుకుంటూ పోవడమే. గోడల చుట్టూ పావు అంగుళం ఖాళీ వదిలాను. పైన కార్పెట్. రెండేళ్ళు నిజంగా హాయిగా ఉంది. పిల్లలు సాక్సులు లేకుండా తిరిగేవారు.

2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వాన పడింది. మీ బుడమేరు తేదీ చదివి ఒళ్ళు జలదరించింది. కరెంటు పోయింది, నీళ్ళు తోడే పంపు ఆగిపోయింది, తెల్లారేసరికి మూడంగుళాల నీళ్ళు. పలకలన్నీ తడిసిన బిస్కెట్లలా ఉబ్బిపోయాయి. అంచులు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. అన్నీ పీకి బయట పడేశాం. రోజూ ఉండే చెమ్మకు ఇవి పనికొస్తాయి, నీళ్ళు నిలిచాయంటే చెక్క ఉన్నది ఏదీ నిలవదు. మీకు వరద భయం ఉంది కాబట్టి పూర్తి ప్లాస్టిక్‌వే చూడండి, చెక్క వద్దు.

తాపీ_పట్టిన_చెయ్యి
బేస్‌మెంట్‌కి మూడంగుళాల నీళ్ళేమిటండీ? బేస్‌మెంట్ ఎత్తు లేపితే నీళ్ళు రావు కదా.

న్యూజెర్సీ_నాన్న
మేస్త్రిగారూ, ఇక్కడ బేస్‌మెంట్ అంటే ఇంటి కింద భూమిలోకి దిగి ఉండే గది. మీరు అనేది పునాది మీద లేపే ఎత్తు.

తాపీ_పట్టిన_చెయ్యి
భూమిలో గదా! మరి చెమ్మ రాక ఏమొస్తుంది. సరే, అర్థమైంది.

రాజోలు_రవి
😂 మా ఊళ్ళో అలాంటి గది తవ్వితే చేపలు పెంచుకోవచ్చు.

సివిల్_సుబ్బలక్ష్మి
శీనుగారూ, టైల్స్ కొనేముందు ఒక్క పరీక్ష చేయండి. మహా అయితే ఇరవై రూపాయలు ఖర్చు.

మందపాటి ప్లాస్టిక్ షీటు, అడుగున్నర చదరం ముక్క కత్తిరించండి. నేలను పొడి గుడ్డతో తుడిచి దాని మీద షీటు పరిచి, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపు అతికించండి. రాత్రి పెట్టి మర్నాడు మధ్యాహ్నం దాకా వదిలేయండి, 16 గంటలైనా ఉండాలి. తర్వాత చూడండి. షీటు అడుగున నీటి బొట్లు ఉంటే, లేదా కింద టైలు రంగు ముదిరితే, నీరు భూమిలో నుంచి పైకి వస్తోంది. అడుగున పొడిగా ఉండి షీటు పైన తడి ఉంటే అది గాలిలో తేమ. చల్లటి గ్లాసు బయట నీళ్ళు పట్టినట్టే, చల్లటి నేల మీద తేమ గాలి నీరవుతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మందులు మాత్రం వేరు వేరు.

ఒక్కచోట కాదు, కనీసం మూడు చోట్ల పెట్టండి. హాలు మధ్యలో ఒకటి, బయటి గోడ మూలలో ఒకటి, బాత్రూము గోడ పక్కన ఒకటి.

సింగ్‌నగర్_శీను
చాలా థాంక్స్ అండీ. ఈ రాత్రే పెడతాను. మేస్త్రిగారూ, బయట చూసొచ్చాను. తూర్పు గోడ పక్కన సందులో వరద బురద అలాగే గట్టిపడిపోయింది. లోపలి నేల కంటే ఓ జానెడు ఎత్తుగానే ఉంది.

తాపీ_పట్టిన_చెయ్యి
అదిగో. మీ దొంగ దొరికాడు అనుకుంటున్నా. పరీక్ష కానివ్వండి.

బ్యాచిలర్_బాబు
నా గోడు కూడా వినండి. మాదాపూర్‌లో అద్దె గది, నేల అక్కడక్కడ పగిలి అసహ్యంగా ఉంటే చవక రకం ప్లాస్టిక్ క్లిప్ టైల్స్ గదంతా వేశాను. మొదటి నెల బ్రహ్మాండం. తర్వాత నడిస్తే టకటకమని చప్పుడు. కింద ఇంటి ఓనరు రాత్రి పదకొండింటికి పైకొచ్చి "బాబూ, గుర్రాన్ని పెంచుతున్నావా" అని అడిగారు. నాలుగు నెలలకు ఛార్జరు పిన్ను సందులో పడితే ఒక టైలు లేపాను. కింద జుట్టు, మురుకుల పొడి, చీమల బారు, రెండు బొద్దింకలు. ఆ రోజే మొత్తం తీసేశాను. ఇంటి లోపల సందులున్న టైల్స్ వద్దే వద్దు.

కూకట్‌పల్లి_కోడలు
బాబూ, నాలుగు నెలలు ఎత్తకుండా ఉంచితే ఏ నేలైనా అంతే. మేం నెలకోసారి వరసకు రెండు చొప్పున లేపి, పైపుతో నీళ్ళు కొట్టి, మళ్ళీ బిగిస్తాం. అరగంట పని. అంచు టైలు కింద స్క్రూడ్రైవరు పెట్టి చిన్నగా లేపితే ఊడొస్తుంది. మధ్యలోంచి పీకబోతే కొక్కెం విరుగుతుంది, నేను మొదట్లో రెండు విరగ్గొట్టాను.

బ్యాచిలర్_బాబు
అక్కా, బాల్కనీలో పైపు కొట్టొచ్చు. మంచం, టేబులు ఉన్న గదిలో ఎలా?

కూకట్‌పల్లి_కోడలు
అది మాత్రం నిజమే. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

గుంటూరు_గోంగూర
టకటక చప్పుడుకి ఒక చిట్కా. కింద పల్చటి ఫోము షీటు పరిస్తే తగ్గుతుంది. మా అక్క వాళ్ళింట్లో అలాగే చేశారు.

సివిల్_సుబ్బలక్ష్మి
పొడి నేల మీద అయితే సరే. శీనుగారి నేల మీద మాత్రం ఫోము వద్దు. ఈ ఎత్తు టైల్స్‌లో ఉన్న అసలు మంచే కింద గాలి ఆడటం. ఫోము పరిస్తే ఆ గాలికి అడ్డం కట్టినట్టు. తడి అక్కడే ఉండిపోయి వాసన మొదలవుతుంది.

ఇంటీరియర్_ఇంద్ర
ఇంటి లోపలికి ఎస్‌పీసీ ఫ్లోరింగ్ వేసుకోండి. రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం. ఇవీ క్లిక్ లాకే. సందులుండవు, పొడి పడదు, నీటికి ఉబ్బదు. తలుపులు కోయక్కర్లేదు. బొద్దింకల సమస్యా ఉండదు.

న్యూజెర్సీ_నాన్న
ఇంద్రగారూ, అది నీటికి చెడదు, నిజమే. కానీ నేలకు అతుక్కుని పడుకుంటుంది, కింద గాలి ఉండదు. చెమ్మ కింద నుంచి వస్తుంటే పలక బాగానే ఉంటుంది, దాని కింద బూజు పెరుగుతుంది. మా పక్కింటివాళ్ళు వేయించారు. ఏడాదికి ఓ మూల ఎత్తితే అడుగంతా నల్లగా ఉంది.

ఇంటీరియర్_ఇంద్ర
కింద తేమ ఆపే పొర వేసి చేస్తే రాదండీ. మేం ఎప్పుడూ వేస్తాం.

తాపీ_పట్టిన_చెయ్యి
తేమ ఆపే పొర వేస్తే తేమ ఎటు పోవాలి? గోడలెక్కుతుంది. గోడ కింద మూడడుగులు పెచ్చులూడుతుంది. అప్పుడు పెయింటు వాణ్ణి పిలుస్తారు.

ఇంటీరియర్_ఇంద్ర
మేస్త్రిగారు చెప్పింది భూమి నుంచి తడి ఎక్కుతున్న ఇంటికి నిజం. అన్ని ఇళ్ళకూ కాదు. పై అంతస్తులో ఉన్నవాళ్ళు నిశ్చింతగా వేసుకోవచ్చు. శీనుగారూ, మీ పరీక్ష అయ్యాకే మాట్లాడుకుందాం.

హైటెక్_హరి
మా ఆఫీసు సర్వర్ రూములో నేల మొత్తం ఎత్తే. రెండడుగుల చదరం ఇనుప పలకలు, స్టీలు కాళ్ళ మీద కూర్చుంటాయి, కింద కేబుళ్ళు, ఏసీ గాలి. ఏ పలక కావాలంటే ఆ పలక రబ్బరు కప్పుల పరికరంతో పీకి పైకి లేపుతారు. అలాంటిది ఇంట్లో వేస్తే నెలనెలా ఊడ్చుకోవచ్చు, వైరింగు, పైపులు అన్నీ కిందే పెట్టుకోవచ్చు కదా?

సివిల్_సుబ్బలక్ష్మి
ఆలోచన మంచిదే హరిగారూ, ఇంటికి మాత్రం బరువు. ఆ పలకలు ఒక్కరు తేలిగ్గా ఎత్తేవి కావు. కాళ్ళతో కలిపి ఆరంగుళాలైనా ఎత్తు పోతుంది. శీనుగారి ఇంటి తలుపులు, కిటికీలు, స్విచ్ బోర్డులు అన్నీ కిందికి దిగినట్టవుతాయి. వంటింటికీ హాలుకీ మధ్య మెట్టు వస్తుంది. ఆ అమ్మగారికి మెట్టే కదా అసలు బాధ.

రాజోలు_రవి
మా తాతగారిల్లు కాలువ గట్టు పక్కన. నేల మూడడుగుల ఎత్తు, ముందు అరుగులు, లోపల నాపరాళ్ళు. గోదావరి వరదకు నీళ్ళు అరుగు అంచు తాకి ఆగేవి. కట్టినవాళ్ళకు తెలుసు. ఇప్పుడు ఎత్తు తక్కువగా కట్టి, రోడ్డు వాళ్ళు రోడ్డు లేపి, చివరికి ఇల్లు గుంటలో పడుతోంది. మా అమలాపురం బాబాయి జాకీలతో ఇల్లు మూడడుగులు లేపించాడు. మనుషులు లోపల ఉండగానే, రోజుకు కొంచెం కొంచెం. గోడ కింద వరసగా జాకీలు పెట్టి అందరూ ఒకేసారి తిప్పుతుంటే చూసేవాళ్ళకు గుండె గొంతులోకి వస్తుంది.

సింగ్‌నగర్_శీను
మా వీధిలో కూడా వరద తర్వాత ఒకరు లేపించారు రవిగారూ. ఆ ఖర్చు వినగానే ఇంటికొచ్చేశాను.

అంకెల_అప్పారావు
ప్లాస్టిక్ టైల్స్ వేసేవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట, ఎవరూ చెప్పలేదు. ప్లాస్టిక్ వేడికి సిమెంటు కంటే పది రెట్లు పైగా సాగుతుంది. 15 అడుగుల హాల్లో డాబా వేడికి 20, 25 డిగ్రీల తేడా వస్తే అర అంగుళం దాకా పెరగొచ్చు. కొక్కేల మధ్య ఉన్న కొంచెం వదులు కొంత సర్దుకుంటుంది, మొత్తం సర్దుకోదు. గోడకు ఆనించి బిగిస్తే మేలో మధ్యలో పొంగుతుంది. బెజవాడ మే గురించి వేరే చెప్పాలా? చుట్టూ అర అంగుళం వదిలి, పైన స్కర్టింగు పట్టీ గోడకు మాత్రమే కొట్టండి, టైలుకు కాదు.

సివిల్_సుబ్బలక్ష్మి
మంచి మాట. ఆ అర అంగుళం సందు గాలికి కూడా దారి. పట్టీ నేలకు తాకకుండా కాస్త పైకి కొట్టండి. చుట్టూ సిలికాన్ పూసి మూసేస్తారు కొందరు, అందంగా ఉంటుందని. మూశారంటే ఎత్తు టైల్స్ ఎత్తులో ప్రయోజనం సున్నా.

గుంటూరు_గోంగూర
ఇంకోటి. దీపావళికి మా మేనల్లుడు బాల్కనీలో ప్లాస్టిక్ టైల్స్ మీద చిచ్చుబుడ్డి పెట్టాడు. నల్లగా కరిగి పళ్ళెమంత గుంట. దేవుడి గదిలో, దీపం పెట్టే చోట, అగరుబత్తీ బూడిద రాలే చోట ఇవి వద్దు. పిల్లల చేతికి కాకరపువ్వొత్తి ఇచ్చే ముందు కూడా చూసుకోండి.

సింగ్‌నగర్_శీను
పరీక్ష ఫలితాలు. నిన్న రాత్రి ఎనిమిదికి మూడు షీట్లు అతికించాను. ఇవాళ మధ్యాహ్నం రెండుకి చూశాను. బయట చినుకులు పడుతూనే ఉన్నాయి.

హాలు మధ్యలో: షీటు పైన వేలితో గీస్తే గీత పడేంత తడి. కింద పూర్తిగా పొడి. టైలు రంగు కూడా మారలేదు.

బాత్రూము గోడ పక్క: పైనా కిందా పొడి.

తూర్పు గోడ మూల: షీటు తీయకముందే తెలిసిపోయింది. అడుగున ఆవగింజల్లా బొట్లు, లైటు వేస్తే మిలమిల. టేపు లాగితే ఊడి చేతికొచ్చింది, తడికి జిగురు పట్టలేదు. టైలు కీళ్ళ వెంబడి తెల్లటి ఉప్పు లాంటి పొడి. నాలుక మీద పెట్టి చూశాను, ఉప్పగానే ఉంది.

కూకట్‌పల్లి_కోడలు
అయ్యో, నాలుక మీద ఎందుకు పెట్టారండీ? వరద బురద ఉన్న చోట!

సింగ్‌నగర్_శీను
అమ్మ కూడా అదే అని చెంప మీద ఒకటి ఇచ్చింది.

సివిల్_సుబ్బలక్ష్మి
చాలా స్పష్టంగా ఉంది. ఇంట్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి.

తూర్పు మూలది బయట నుంచి వచ్చే తడి. పునాది మీద గోడ మొదలయ్యే చోట డీపీసీ అని ఒక పొర వేస్తారు, కింది తడి గోడలోకి ఎక్కకుండా. మీ నాన్నగారు వేయించే ఉంటారు. కానీ బయట బురద దానికంటే పైకి పేరుకుంది కాబట్టి నీరు ఆ పొరను దాటి పక్క నుంచి ఇటుకలోకి వస్తోంది. ఇటుక సన్నటి గొట్టాల కట్ట లాంటిది, దీపపు వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తుంది. ఆ తెల్ల పొడి నీటితో వచ్చిన లవణాలు. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. దీనికి టైల్స్ మందు కాదు.

హాలు మధ్యది గాలిలో తేమ. దీనికి ఎత్తు టైల్స్ సగం మందు. అమ్మగారి పాదం చల్లటి నేలకు తగలదు, జారదు. కానీ తేమ గాలి సందుల్లోంచి కిందికి వెళ్ళి పాత నేల మీద నీరవుతూనే ఉంటుంది. అందుకే గాలి ఆడాలి, అప్పుడప్పుడు లేపి తుడవాలి. వాన గాలి వీచే పూట కిటికీలు మూసి ఫ్యాను వేయండి. కిటికీలు తెరిస్తే ఆరుతుందనుకుంటాం, ఆ పూట మాత్రం తడి ఇంట్లోకి పిలిచినట్టే.

తాపీ_పట్టిన_చెయ్యి
మేడంగారు సరిగ్గా చెప్పారు. శీనుగారూ, పని ఇలా చేయించండి. సందులో మట్టి గోడ పొడవునా లోపలి నేల కంటే కనీసం ఆరంగుళాలు కిందికి తీసేయండి. పార పట్టే చోటు లేకపోతే గునపం, తట్ట. గోడకు పట్టిన బురద ఇనుప బ్రష్షుతో గోకండి. నెల రోజులు అలా ఎండకు వదిలేయండి. వెంటనే ప్లాస్టరింగు చేయించారో లోపలి తడి లోపలే ఉంటుంది. ఎండాక గోడ వెంబడి రెండడుగుల వెడల్పున కంకర పరిచి సిమెంటు పట్టీ వేయండి. వాటం బయటికి, అంటే గోడ దగ్గర ఎత్తు, కాలువ దగ్గర పల్లం. రెండడుగులకు అంగుళం వాటం చాలు. రసమట్టం పెట్టి చూడండి, కళ్ళతో చూసి వేయొద్దు. వాటం ఇంటివైపు పడిందంటే మీరే నీళ్ళు తోడి గోడకు పోసినట్టు.

స్కూలు_టీచరమ్మ
ఇంతమంది ఇంజనీర్ల మధ్య నేనొక మాట. మా అత్తగారికి 74. మేం వరండాలో సగం మేర ఎత్తు టైల్స్ వేశాం. అంగుళం ఎత్తే కదా అనుకున్నాం. ఆ అంగుళానికే ఆవిడ బొటనవేలు తగిలి పడ్డారు, మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు. పెద్ద మెట్టు కంటికి కనిపిస్తుంది, అంగుళం కనిపించదు.

వేస్తే గది మొత్తం వేయండి, లేదా అసలు వేయకండి. గుమ్మం దగ్గర వాలుగా దిగే అంచు ముక్కలు విడిగా అమ్ముతారు, అవి తప్పకుండా కొనండి. జాలీ ఉన్న టైల్స్ తేవద్దు. మా అత్తగారి చేతికర్ర మొన ఆ జాలీ కన్నంలో సరిగ్గా దిగి ఇరుక్కునేది. మూసి ఉన్న, గరుకు పైభాగం ఉన్నవి తీసుకోండి.

సింగ్‌నగర్_శీను
టీచరుగారూ, ఇది నేను అసలు ఊహించలేదు. అమ్మ కర్ర వాడుతుంది. చాలా కృతజ్ఞతలు. అత్తగారు ఇప్పుడు బాగున్నారా?

స్కూలు_టీచరమ్మ
బాగున్నారు. వంకాయలు తరుగుతున్నారు. ఆ టైల్స్ మొక్కల కుండీల కిందికి పోయాయి.

అంకెల_అప్పారావు
తలుపులు కొలిచారా? లోపలికి తెరుచుకునే తలుపు కింద సందు మామూలుగా ఒక వేలంత. అంగుళం టైలు వేస్తే తలుపు తెరుచుకోదు. తలుపు తిరిగే మేర టైల్స్ వదిలేయాలి, లేదా తలుపు కింద కోయాలి. వానాకాలంలో కోయొద్దు, చెక్క ఉబ్బి ఉంటుంది.

కూకట్‌పల్లి_కోడలు
బీరువా కింద వేయకండి. సన్నటి కాళ్ళ మీద అంత బరువు పడితే టైలు కాళ్ళు కుంగుతాయి. బీరువా నేల మీదే ఉంచి చుట్టూ వేయండి. కటింగుకి హాక్సా బ్లేడు చాలు, మిషను అక్కర్లేదు. కోసిన వైపు గోడకు, కొక్కేల వైపు లోపలికి. కొలతకు పైన ఓ పది శాతం ఎక్కువ కొనండి, తర్వాత అదే రంగు దొరకదు.

హైటెక్_హరి
అంటే 180 చదరపు అడుగులకు దాదాపు 200. మేస్త్రి కూలీ లేదు కాబట్టి టైలు ధర ఒక్కటే ఖర్చు, పగలగొట్టే పనితో పోలిస్తే తక్కువే.

సివిల్_సుబ్బలక్ష్మి
మొత్తం హాలు ఒకేసారి కొనకండి. ముందు ఆ గోడ సంగతి తేలాలి. తడి మూలలో ఆరేదాకా ఏమీ వేయొద్దు.

బ్యాచిలర్_బాబు
నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. నేను చవక రకం జాలీవి కొన్నాను, గోడకు ఆనించి బిగించాను, ఒక్కసారీ లేపలేదు. అన్ని తప్పులూ నావే. ఓనరుగారు చెప్పిన గుర్రం మాత్రం ఇంకా చెవిలో వినిపిస్తోంది.

సింగ్‌నగర్_శీను
ఏడు వారాల తర్వాత వస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, పని అయ్యాకే రాద్దామనుకున్నా.

సందులో మట్టి తీయించాం. ఇద్దరు మనుషులు, రెండు రోజులు, 140 తట్టలకు పైగా బురద. తీస్తుంటే గోడ కింద నాన్న పెట్టించిన నల్లటి డీపీసీ గీత బయటపడింది. దాని మీద జానెడున్నర బురద కూర్చుని ఉంది ఇన్నాళ్ళూ. ఆ గీత చూసి అమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. "మీ నాన్న ఆ రోజు మేస్త్రితో పోట్లాడి వేయించారు రా" అంది.

నెల ఎండబెట్టాం. తర్వాత సిమెంటు పట్టీ, వాటం బయటికి. మేస్త్రిగారూ, రసమట్టంలో బుడగ నేనే చూశాను. లోపల తూర్పు మూలలో ఉప్పు పొడి గోకేశాక మళ్ళీ రాలేదు ఇప్పటిదాకా.

టైల్స్ మొదట అమ్మ గదిలోనే వేశాం, 10 బై 10. పూర్తి ప్లాస్టిక్, మూసి ఉన్న గరుకు రకం, ఒక్కోటి 95 పడింది. తలుపు బయటికి తెరుచుకుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. గోడల చుట్టూ అర అంగుళం సందు, గుమ్మం దగ్గర వాలు ముక్కలకు ఎర్ర టేపు వేశాను. ఒక్క పూటలో అయిపోయింది. చివరి వరస కోయడానికే గంట పట్టింది, నాలుగు ముక్కలు తప్పు కోశాను. నడిస్తే కొంచెం బోలు చప్పుడు ఉంది, ఉన్నమాట చెబుతున్నా. అమ్మ చెప్పులు విప్పేసి అటూ ఇటూ మూడుసార్లు నడిచింది, ఏమీ అనలేదు. మర్నాడు తన చాప చుట్టి అటక మీద పెట్టించింది.

తాపీ_పట్టిన_చెయ్యి
శభాష్. కానీ ఇది ఎండ రోజుల్లో ఎండిన గోడ. అసలు పరీక్ష జూలైలో.

సింగ్‌నగర్_శీను
తెలుసండీ. షీటు, టేపు దాచే ఉంచాను. గట్టి వాన పడిన మర్నాడే అదే మూలలో మళ్ళీ అతికించి ఇక్కడ రాస్తాను. అప్పటిదాకా హాలుకు టైల్స్ కొనను.

స్కూలు_టీచరమ్మ
ఈసారి నాలుక దూరంగా పెట్టండి.

సివిల్_సుబ్బలక్ష్మి
అమ్మగారి గదిలో ఒక టైలు నెలకోసారి లేపి కింద చెయ్యి పెట్టి చూడండి. మంచం కిందది లేపండి, గాలి తక్కువ ఆడేది అక్కడే.